స్వరాజ్యమా, స్వపరిపాలనా: టీ కొట్టు దగ్గర పందెం

పోయిన నెల ఇదే పేజీలో పంచాయతీ ఎన్నికల గురించి ఎవరో అడిగితే రెండు ముక్కలు రాస్తా మధ్యలో గ్రామ స్వరాజ్యం అని ఒక మాట వాడినా. అంతే, ఆ ఒక్క మాట పట్టుకోని ఒంగోలు నుంచి సూళ్లూరుపేట దాకా ఉత్తరాలే ఉత్తరాలు, వాట్సాప్ లో వాయిస్ మెసేజీలు వేరే. అన్నీ వేయాలంటే పత్రిక మొత్తం నాకే రాసివ్వాల, దానికి ఎడిటర్ గారు ఒప్పుకోరు. అందుకని ఆరు ఏరినా. పేర్లు వద్దన్నోళ్లే ఎక్కువమంది కాబట్టి ఊర్ల పేర్లు మాత్రం వేస్తన్నా.

ప్రశ్న, కందుకూరు నుంచి: అయివోరికి నమస్కారం. నేను గ్రూప్స్ కి ప్రిపేర్ అవుతున్నా. మా రూమ్ కింద టీ కొట్టు దగ్గర మా ఫ్రెండ్ ఒకడు స్వరాజ్యం, స్వపరిపాలన, స్వాతంత్ర్యం అన్నీ ఒకటే, పేపర్ వాళ్లు మార్చి మార్చి రాస్తారు అంతే అన్నాడు. నేను కాదన్నా. కాదన్నానే గానీ ఎట్టా కాదో చెప్పలేకపోయినా. వారం రోజుల టీ పందెం. తమరు తేల్చాల.

జవాబు: అబ్బయ్యా, పందెం నువ్వే గెలిచావు, కానీ వారంలో మూడు రోజులు టీ డబ్బులు నువ్వు కూడా కట్టు, ఎందుకంటే నీ ఫ్రెండ్ చెప్పిన దాంట్లో సగానికి సగం నిజం ఉంది. ముందు ఆ సగం చెప్తా.

ఈ మాటల్ని కలగాపులగం చేసింది పేపర్ వాళ్లు కాదు, పెద్ద పెద్ద నాయకులే. 1906లో కలకత్తా కాంగ్రెస్ కి అధ్యక్షుడిగా వచ్చిన దాదాభాయి నౌరోజీ గారు మాకు కావాల్సింది సెల్ఫ్ గవర్నమెంట్, ఇంగ్లండ్ లో ఉన్నట్టో దాని వలస రాజ్యాల్లో ఉన్నట్టో, లేకపోతే స్వరాజ్ అనుకోండి అని రెండు మాటల్నీ ఒకే గుక్కలో అనేశారు. మూడేళ్ల తర్వాత 1909 నవంబర్ లో గాంధీ గారు ఇంగ్లండ్ నుంచి దక్షిణాఫ్రికా పోతా ఓడలో కూర్చోని గుజరాతీలో హింద్ స్వరాజ్ రాశారు, కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చేత్తో రాశారు, దాన్ని బొంబాయి ప్రభుత్వం నిషేధించింది, అప్పుడు ఆయనే ఇంగ్లీషులోకి తిప్పి అచ్చేయించారు, ఆ ఇంగ్లీషు పుస్తకానికి ఆయన పెట్టుకున్న పేరు ఇండియన్ హోమ్ రూల్. హోమ్ రూల్ అనేది ఐర్లండ్ వాళ్లు బ్రిటిష్ వాళ్లని అడిగిన మాట, మనది కాదు. 1916లో తిలక్ గారు ఒక హోమ్ రూల్ లీగు, అనిబిసెంటమ్మ ఇంకో హోమ్ రూల్ లీగు పెడితే మన తెలుగోళ్లలో కొందరు దాన్ని హోంరూలు అని అట్టాగే పలికారు, కొందరు స్వపరిపాలన అని రాసుకున్నారు. స్వరాజ్యం నా జన్మహక్కు అన్న తిలక్ గారు కూడా ఆ రోజుల్లో అడిగింది సామ్రాజ్యం లోపలే ఉంటూ మా పాలన మాకు వదిలేయమనే. కాబట్టి మాటలు కలిసిపోయిన మాట నిజమే.

ఇంక నీ సగం. పరిపాలన అంటే పని నడపడం. పన్ను వసూలు, రోడ్డు, వీధి లైటు, కుళాయి, ఇవీ. రాజ్యం అంటే ఆ పని ఎట్టా నడవాలో, అసలు నడవాలో వద్దో తేల్చే అధికారం. మన వైపు రొయ్యల చెరువులు చూస్తన్నావు గదా. చెరువు లీజుకి తీసుకున్నోడు మేత తనే వేస్తాడు, ఏరియేటర్లు తనే తిప్పుతాడు, రాత్రంతా మేలుకోని తనే కాపలా ఉంటాడు, రొయ్యలు పట్టి తనే అమ్ముకుంటాడు, చూసేవోడికి చెరువు వాడిదే అనిపిస్తది. కానీ లీజు పొడిగించేదీ రద్దు చేసేదీ చెరువు గలాయన. లీజుకి తీసుకున్నోడిది స్వపరిపాలన, చెరువు గలాయనది స్వరాజ్యం. నేనైతే ఈ మాటలు ఎక్కడ కనపడినా ఒకటే చూస్తా, ఇచ్చినాయన రేపు మళ్లీ వెనక్కి తీసుకోగలడా? తీసుకోగలడు అంటే అది స్వపరిపాలనే, దానికి స్వరాజ్యం అని ఎంత పెద్ద బోర్డు పెట్టినా సరే.

స్వాతంత్ర్యం సంగతి వేరే. అది దేశానికీ బయటోళ్లకీ మధ్య లెక్క, బయటోడి పెత్తనం లేదు అంటే స్వాతంత్ర్యం వచ్చినట్టు. అదే దేశంలో సైన్యాధిపతి ఒకడు కుర్చీ ఎక్కి జనాన్ని నోరెత్తనీకపోయినా దేశం స్వతంత్ర దేశమే, కానీ ఆ జనానికి స్వరాజ్యం ఉందని ఎవరూ అనరు. స్వరాజ్యం అనే మాట బయటికీ చూస్తది, లోపలికీ చూస్తది. ఇక్కడ ఒక తమాషా చెప్పాల. 1908లో బెజవాడలో స్వరాజ్య అనే పేరుతో ఒక వారపత్రిక వచ్చేది, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిది. తిరునల్వేలిలో జనం మీద కాల్పులు జరిగితే తెల్లోణ్ణి క్రూరమైన పులి అని తిడతా ఆ పత్రికలో రాశారు, ఆ రాతకి గాడిచర్ల వారిని రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. ఆ మరుసటి సంవత్సరం గాంధీ గారు హింద్ స్వరాజ్ లో అదే పులిని ఇంకో రకంగా పట్టుకున్నారు, మీరు పులి వద్దంటున్నారు గానీ పులి గుణం కావాలంటున్నారు, దాన్ని నేను స్వరాజ్యం అనను అని. బెజవాడ సంగతి ఆయనకి తెలిసి రాశారని నేననడం లా, పులి మాత్రం రెండు చోట్లా ఉంది. ఒకాయన పులి పోవాలన్నారు, ఇంకొకాయన పులి పోయినా దాని గుణం మనలోనే మిగిలిపోద్దేమో అని భయపడ్డారు. స్వరాజ్యం అనే మాటకి రెండు పక్కలున్నాయి అనేదానికి ఇంతకంటే ఏం చూపించాల.

పరీక్షకి పనికొచ్చే ముక్క ఒకటి, ఇది మాత్రం నోట్ చేసుకో. 1920 నాగపూర్ కాంగ్రెస్ లో మా లక్ష్యం స్వరాజ్యం అని నియమావళిలో రాసుకున్నారు, కానీ స్వరాజ్యం అంటే ఏందో రాసుకోలా. కావాలనే రాసుకోలా. సామ్రాజ్యం లోపల ఉండాలనుకున్నోడికి అట్టా కనపడుద్ది, బయటికి పోవాలనుకున్నోడికి ఇట్టా కనపడుద్ది. మరుసటి సంవత్సరం అహ్మదాబాద్ లో ఉర్దూ కవి హస్రత్ మొహానీ లేచి స్వరాజ్యం అంటే పరాయి పెత్తనం ఏమాత్రం లేని సంపూర్ణ స్వాతంత్ర్యం అని రాయండి అంటే గాంధీ గారే ఒప్పుకోలా, తీర్మానం పడిపోయింది. చివరికి 1929 డిసెంబర్ లో లాహోర్ లో మన నియమావళిలో ఉన్న స్వరాజ్ అనే మాటకి అర్థం సంపూర్ణ స్వాతంత్ర్యం అని తీర్మానం చేశారు. చూడు, నిఘంటువు చేయాల్సిన పని మహాసభ చేసింది! దాన్నే పూర్ణ స్వరాజ్ తీర్మానం అంటన్నాం, 1930 జనవరి 26న ఊరూరా స్వాతంత్ర్య దినం జరిపింది అందుకే, 1950లో రాజ్యాంగానికి అదే తేదీ పెట్టుకున్నదీ అందుకే. ఇంకో మెలిక, 1947 ఆగస్టు 15న బ్రిటిష్ పార్లమెంటు చట్టం ప్రకారం వచ్చింది డొమినియన్, అంటే బ్రిటిష్ రాజు గొడుగు కిందే ఉంటూ మన పాలన మనం చేసుకోవడం, మీ పుస్తకాల్లో అధినివేశ ప్రతిపత్తి అని ఉంటది, అది 1950 దాకా ఉంది. పదిహేడేళ్ల ముందు లాహోర్ లో చాలదన్న పేరుతోనే స్వాతంత్ర్యం లోపలికి వచ్చింది, తర్వాత మనమే ఆ పేరు తీసేసినాం.

ప్రశ్న, చీరాల నుంచి: సార్, మా తాతల కాలంలో మున్సిపాలిటీ వద్దని ఊరంతా ఖాళీ చేసి పాకల్లో ఉన్నారని మా అవ్వ చెప్పేది. నాకు అర్థం కానిది ఒకటే. మున్సిపాలిటీ అంటే మనం ఎన్నుకున్నోళ్లు నడిపేదే గదా, మరి దాన్ని వద్దన్నోళ్లని స్వరాజ్యం కోసం పోరాడారు అని ఎట్టా అంటాం? నిజానికి వాళ్లు వద్దంది స్వపరిపాలననే గదా?

జవాబు: అమ్మా, ఎన్నో ఏళ్లుగా ఈ పేజీ రాస్తన్నా, ఇంత సూటి ప్రశ్న ఎప్పుడూ రాలా. అవును, వాళ్లు వద్దన్నది స్వపరిపాలననే. ఆ పేరుతో వచ్చిందాన్నే. అదే ఆ కథలో ఉన్న సొగసు.

స్థానిక స్వపరిపాలన అనేది తెల్లోళ్ల ఆఫీసు మాట. 1882లో రిప్పన్ దొర దాని మీద తీర్మానం చేశాడు, ఊళ్ల పనులు ఊళ్లోళ్లకే అప్పజెబుదాం అని. ఆ దొర మనసు మంచిదే కావచ్చు, నేను తప్పు పట్టడం లా. 1919 చట్టం వచ్చినాక రాష్ట్రాల్లో కొన్ని శాఖలు మన మంత్రులకి ఇచ్చారు, ద్వంద్వ పాలన అంటారు దాన్ని, డబ్బూ పోలీసూ తెల్లోళ్ల దగ్గర, ఇట్టాంటివి మన దగ్గర. మద్రాసులో ఆ స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి ఎవరనుకున్నావు, పానగల్ రాజా రామరాయణింగారు, కాళహస్తి వైపు తెలుగాయనే. అంటే శాఖ పేరులో స్వపరిపాలన, మంత్రి మనోడు, ఊరు మన ఊరు. ఇంక అడ్డమేముంది అనిపిస్తది గదా.

అడ్డం ఏందంటే చీరాల పేరాల వాళ్లని ఎవరూ అడగలా. అప్పటిదాకా అది యూనియన్, అంటే చిన్న పంచాయతీ లాంటిది, దాన్ని మున్సిపాలిటీ చేసేసరికి ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలయ్యింది. నేతగాళ్లు ఉన్న ఊరు, మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగేది. మాకొద్దు అని అర్జీలు పెట్టారు, వినలా. పన్ను కట్టం అన్నారు, జైల్లో వేశారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, బయట దేశంలో చదువుకోని వచ్చిన మనిషి, రామదండు అని వాలంటీర్లని కూడగట్టి ఊరి వెంట నిలబడ్డాడు. 1921 ఏప్రిల్ 6న గాంధీ గారు చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు, పన్ను కట్టకుండా ఉండి ఏమొచ్చినా చెయ్యెత్తకుండా భరించండి, లేదంటే ఊరు వదిలి మున్సిపాలిటీ హద్దు దాటి పోండి, ఊళ్లో మనుషులే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి మీద? రెండో దారి పట్టారు. ఊళ్లో ఉండేది పదిహేను వేల చిల్లర జనం, అందులో పదమూడు వేల పైచిలుకు ఊరు వదిలారు. పొలిమేర అవతల పాకలేసుకోని దానికి రామ్ నగర్ అని పేరు పెట్టుకోని ఎండకి ఎండి వానకి తడిసి పదకొండు నెలలున్నారు. మీ అవ్వ చెప్పిన పాకలు అవే. అక్కడ వాళ్ల పంచాయితీ వాళ్లే చేసుకున్నారు, కాపలా వాళ్లే కాసుకున్నారు.

ఇప్పుడు చెప్పు తల్లీ, స్వరాజ్యం ఎక్కడుంది? ఆఫీసూ కుర్చీ సీలూ ఉన్న మున్సిపాలిటీలోనా, తాటాకు పాకల్లోనా? మున్సిపాలిటీ అనే వస్తువు మీద వాళ్లకేం పగ లేదు. మాకు ఏది కావాలో మేం చెప్తాం అన్నారు. స్వపరిపాలన బలవంతంగా నెత్తిన పెడితే అందులో స్వ ఎక్కడుంది, పరిపాలన ఒక్కటే మిగులుద్ది. నేను రొయ్యల చెరువు పోలిక చెప్పినాను గదా పైన, చీరాల వాళ్లు ఏమన్నారంటే ఈ లీజు మేం అడగలా, మాకొద్దు, కాగితం మీరే ఉంచుకోండి అన్నారు.

గెలవలా. గోపాలకృష్ణయ్య గారు నిధుల కోసం బరంపురం పోతే అక్కడ మాట్లాడకూడదని ఆర్డర్ ఇచ్చి, మాట్లాడాడని ఏడాది జైలేశారు, ఆయన లేక, డబ్బు లేక, మగ్గాలు ఆడక జనం ఒక్కొక్కరే వెనక్కి వచ్చేశారు, మున్సిపాలిటీ అట్టాగే ఉండిపోయింది. గోపాలకృష్ణయ్య గారు 1928లో పోయారు, నలభై ఏళ్లు కూడా నిండలా. కొందరు దీన్ని గెలుపు అని రాస్తారు, నాకు అట్టా రాయబుద్ధి కాదు, ఓడిపోయినోళ్లని ఓడిపోయినారు అంటేనే వాళ్లు పడిన కష్టానికి మర్యాద. ఇంకో మాట, అప్పుడు చీరాల గుంటూరు జిల్లా, 1970లో మా ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, 2022లో బాపట్లలోకి పోయింది. జిల్లా ఏదైనా ఈ కథని మేము మాత్రం వదులుకోం.

ప్రశ్న, కావలి నుంచి: మీరు గ్రామ స్వరాజ్యం అని రాశారు. ఇప్పుడు మాకు పంచాయతీ ఉంది, సర్పంచ్ ఉన్నాడు, సచివాలయం ఉంది. మరి గ్రామ స్వరాజ్యం వచ్చేసినట్టేనా?

జవాబు: అన్నా, నేను పెట్టిన పరీక్షే పెట్టి చూడు. రాజ్యాంగం 40వ అధికరణంలో పంచాయతీల్ని స్వపరిపాలన యూనిట్లుగా పనిచేయించాలి అని ఉంది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, అందులోనూ స్వపరిపాలన సంస్థలు అనే ఉంది, 29 అంశాలు జాబితా ఇచ్చారు, ఏవి ఎంత ఇవ్వాలో రాష్ట్రం చేతికి వదిలేశారు. రాసినోళ్లు నిజాయితీగానే రాశారు, స్వరాజ్యం అని ఎక్కడా అనలా. స్వరాజ్యం అని అనేది మైకు పట్టుకున్నోళ్లు.

2018 ఆగస్టులో మన రాష్ట్రంలో పంచాయతీల గడువు అయిపోయింది. ఎన్నికలు ఎప్పుడు జరిగినాయి? 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నర ఏళ్లు స్పెషల్ ఆఫీసర్లు నడిపారు. ఆ రెండున్నర ఏళ్లలో ఊర్లో లైట్లు వెలిగినాయి, కుళాయి వచ్చింది, సర్టిఫికెట్లు ఇచ్చారు, పరిపాలనకి ఏమీ లోటు రాలా. మరి పోయింది ఏంది? పోయిందే స్వ. అది లేకపోయినా ఊరు నడిచింది అంటే ముందు నుంచి ఎంత ఉందో లెక్కేసుకో. ఇందులో ఏ పార్టీదీ వకాల్తా కాదు నాది, గడువు ఒకళ్ల హయాంలో అయిపోయింది, ఎన్నికలు ఇంకొకళ్ల హయాంలో జరిగినాయి.

కానీ గ్రామ స్వరాజ్యం అసలు ఎన్నడూ లేదు అని కూడా నేననను. చీరాల నుంచి గాంధీ గారు మరుసటి రోజే, 1921 ఏప్రిల్ 7న, మన నెల్లూరు పక్కన పెన్న ఒడ్డున పల్లిపాడులో ఆశ్రమం ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు దాన్ని నిలబెట్టారు, దక్షిణాఫ్రికాలో గాంధీ గారి స్నేహితుడు రుస్తుంజీ డబ్బు పంపాడు. ఆడ ఎవరూ ఎవరికీ అధికారం ఇవ్వలా, తీసుకోలా, రాట్నం తిప్పారు, ఖద్దరు నేశారు. ప్రభుత్వాన్ని అడగాల్సిన అవసరమే తగ్గించుకుందాం అనే దారి అది. ఇప్పుడు పోయి చూస్తే ప్రశాంతంగా ఉంటది, పిల్లల్ని తీసుకోని ఒక ఆదివారం పోండి.

దానికంటే నాకు నచ్చిన ఉదాహరణ మన కలిగిరి దగ్గర దూబగుంట. 1992లో అక్షరాలు నేర్చుకోను రాత్రిబడికి పోయిన ఆడవాళ్లు మా ఊళ్లో సారా అమ్మకూడదు అన్నారు. సారా అంటే ప్రభుత్వానికి ఆదాయం, వేలం పాటలు పెట్టి మరీ అమ్మేది. పంచాయతీకి దాన్ని ఆపే అధికారం ఎవరిచ్చారు, ఈ ఆడోళ్లకి ఎవరిచ్చారు, ఎవరూ ఇవ్వలా. ఇవ్వనిదాన్ని వెనక్కి తీసుకోలేరు గదా! జిల్లాలో వేలం పాటలు జరగనీలా, ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మద్యం తర్వాత వేరే దారుల్లో మళ్లీ వచ్చిందిలే, మనందరికీ తెలిసిన సంగతే. వర్ధినేని రోశమ్మ గారూ ఆ ఊరి ఆడవాళ్లూ స్వరాజ్యం అనే మాట పలికారో లేదో గానీ నీ ప్రశ్నకి జవాబు వాళ్ల దగ్గరుంది, గ్రామ స్వరాజ్యం సచివాలయం బిల్డింగులో కాదు, ఊరు ఒక్క మాట మీద కాదు అన్న రోజున ఉంటది, మళ్లీ పోద్ది, మళ్లీ వస్తది.

ప్రశ్న, ఒంగోలు నుంచి: మా ప్రకాశం పంతులు గారు స్వరాజ్య పార్టీ పెట్టారని మా అబ్బాయి స్కూల్లో చెప్పారంట. నిజమేనా? స్వరాజ్యవాది అంటే కూడా చెప్పండి.

జవాబు: ఆయన పెట్టింది స్వరాజ్య పత్రిక, పార్టీ కాదు. 1921 అక్టోబర్ లో మద్రాసులో ఇంగ్లీషు దినపత్రికగా మొదలెట్టారు, తర్వాత తెలుగులో తమిళంలో కూడా తెచ్చారు, బారిస్టరుగా సంపాదించిందంతా దాంట్లో పోసేశారు. వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి అంత సంపాదించడమే ఒక కథ, అంతా పోగొట్టుకోవడం ఇంకో కథ. స్వరాజ్య పార్టీ పెట్టింది 1923 జనవరిలో చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ. అప్పుడు కాంగ్రెస్ లో రెండు జట్లు, శాసనసభలకి పోయి లోపల నుంచి అడ్డం పడదాం అనే జట్టు, అసలు పోకూడదు అనే జట్టు. పోదాం అన్నోళ్లని స్వరాజ్యవాదులు, స్వరాజిస్టులు అన్నారు. కాబట్టి 1920ల గురించి చదివేటప్పుడు స్వరాజ్యవాది అని కనిపిస్తే స్వరాజ్యం కోరేవాడు అని అర్థం చెప్పుకోబాకండి, పోకూడదన్న జట్టు వాళ్లకి కూడా స్వరాజ్యమే కావాల. ఆ మాట అప్పటికి ఒక పార్టీ మెంబర్ షిప్ లాంటిది. ఇంకా గందరగోళం కావాలంటే, ప్రకాశం గారి స్వరాజ్యలో పనిచేసిన ఖాసా సుబ్బారావు గారు 1956లో మద్రాసులో అదే పేరుతో వేరే ఇంగ్లీషు వారపత్రిక తెచ్చారు, అది రాజాజీ గారి స్వతంత్ర పార్టీ వైపు మాట్లాడింది, ప్రభుత్వం వ్యాపారాల జోలికి రాకూడదు అనే పార్టీ అది. అంటే గాంధీ గారి రాట్నం మీద కూర్చున్న మాటే పోయి స్వేచ్ఛా వ్యాపారం పక్కన కూర్చుంది. ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు మన తెలుగాయనే, ఎన్.జి. రంగా గారు.

ప్రశ్న, పొదిలి నుంచి: మా బ్యాచ్ లో గొడవ. స్వయంప్రతిపత్తి అడిగినోళ్లని వేర్పాటువాదులు అనొచ్చా?

జవాబు: అనకూడదు. ప్రతిపత్తి అంటే హోదా, స్వయంప్రతిపత్తి అంటే అటానమీ, పైవాడి గొడుగు కిందే ఉంటూ కొన్ని పనుల్లో పైవాడు వేలు పెట్టకుండా ఉండటం. మన కాలేజీల బోర్డుల మీద అటానమస్ అని ఉంటది, అంటే సిలబస్ పరీక్షలు వాళ్లవి, డిగ్రీ కాగితం మాత్రం యూనివర్సిటీది. ఆ కాలేజీని వేర్పాటువాది అంటామా? రాజ్యాంగం ఆరో షెడ్యూల్ లో అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం కొండ ప్రాంతాలకి స్వయంప్రతిపత్తి మండళ్లు ఉన్నాయి, అవి చట్టం లోపలే ఉన్నాయి. వేర్పాటు అంటే దేశం నుంచే తెగిపోతాం అనడం. తెలంగాణ గొడవలప్పుడు మన వైపు చాలామంది వాళ్లని వేర్పాటువాదులు అని నోటికొచ్చినట్టు అన్నారు, రాశారు కూడా, నేను కూడా ఒకటి రెండు సార్లు అనే ఉంటా, ఇప్పుడు చూస్తే అది తప్పు మాట. వాళ్లు అడిగింది ఇదే దేశంలో ఇంకో రాష్ట్రం, వాళ్లు దానికి స్వపరిపాలన అనే పేరే పెట్టుకున్నారు. 1972లో జై ఆంధ్ర అని మనం అడిగింది కూడా అదే గదా, అప్పుడు మనల్ని మనం ఏమనుకున్నాం?

ఆదిలాబాద్ వైపు గోండుల మాట ఒకటుంది, మావ నాటే మావ రాజ్ అని, మా ఊళ్లో మా రాజ్యం అని దానర్థం. 1996లో ఆదివాసీ ప్రాంతాలకి పీసా చట్టం వచ్చింది, గ్రామసభకి కొన్ని హక్కులు ఇచ్చింది, ఆ నినాదం ఆ హక్కుల చుట్టూ తిరుగుద్ది. నాలుగు మాటల్లో వాళ్లు చెప్పిందాన్ని నేను మూడు పేజీలు రాసినా. సిగ్గేస్తంది.

ప్రశ్న, ఉదయగిరి నుంచి: స్వరాజ్యమా, స్వారాజ్యమా, స్వరాజా? ఏది కరెక్టు? మా ఇంట్లో స్వరాజ్ ట్రాక్టర్ ఉంది, దానికీ దీనికీ సంబంధం ఉందా? మా మేనత్త పేరు కూడా స్వరాజ్యమే.

జవాబు: మూడూ కరెక్టే. స్వరాజ్యం అంటే స్వ రాజ్యం, మన రాజ్యం, మాట పాతదే, ఋగ్వేదంలోనే ఉంది. దీర్ఘం పెట్టి స్వారాజ్యం అంటే పాత కావ్యాల్లో స్వర్గ రాజ్యం, ఇంద్రుడి సొత్తు, స్వర్ అనే దాంట్లో చివర ఉన్న రకారం పోయి ముందున్నది సాగింది. కాబట్టి గ్రామ స్వారాజ్యం అని దీర్ఘం పెట్టి ఫ్లెక్సీ వేసినోళ్లు తెలియకుండానే ఊరిని స్వర్గం చేస్తామని వాగ్దానం చేస్తన్నారు. స్వరాజ్ అనేది హిందీ గుజరాతీల వైపు పలుకుబడి, పూర్ణ స్వరాజ్ అని అట్టాగే వచ్చేసింది, గ్రామ స్వరాజ్యం మాత్రం తెలుగు సొంతం చేసుకుంది.

మేనత్త పేరు చూస్తే ఆమె ఎప్పుడు పుట్టిందో, ఎట్టాంటి ఇంట్లో పుట్టిందో చెప్పొచ్చు. స్వరాజ్యం, స్వరాజ్యలక్ష్మి అని ఆడపిల్లలకి పెట్టుకునే రోజులు ఉన్నాయి, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారి పేరు కూడా గాంధీ గారి పిలుపు విని పెట్టిందే. మా వీధిలో ఒక స్వరాజ్యమ్మ ఉండేది, రేషన్ కార్డులో సవరాజ్యం అని పడింది, దాన్ని దిద్దించుకోను ఆమె తిరిగిన తిరుగుడు చూసినోళ్లం మేం, చివరికి నా పేరు అట్టాగే ఉండనీ నాయనా, బియ్యం ఇస్తన్నారు గదా అంది.

ట్రాక్టర్ సంగతికొస్తే, అది పంజాబ్ ది, 1974లో మొదటి మోడల్ వచ్చింది, బయట దేశం డిజైన్ కాకుండా దుర్గాపూర్ లో మనోళ్లు గీసిన డిజైన్ మీద చేసింది. కాబట్టి నన్నడిగితే దానికి స్వదేశీ అని పెట్టాల్సింది, స్వరాజ్ అని పెట్టుకున్నారు. అయినా ఫైనాన్స్ కంతులు తీరేదాకా అది నీ స్వరాజ్యం కాదు, స్వపరిపాలనే. కంతులు కట్టేసినావా లేదా ఉత్తరంలో రాయలా.